ఫీజు చెల్లిన తరువాత

ఉన్నత విద్యలో పేద విద్యార్థికి అందవలసిన సహాయం గురించి తెలుగు రాష్ట్రాలలో జరిగే చర్చ సాధారణంగా ఫీజు దగ్గర మొదలై ఫీజు దగ్గరే ముగుస్తుంది. ప్రభుత్వం ఎంత భరించాలి, ఏ ర్యాంకు వరకు భరించాలి, సొమ్ము కళాశాల ఖాతాలో వేయాలా తల్లి ఖాతాలో వేయాలా, పాత బకాయిలు ఎప్పటికి తీరుతాయి అన్న ప్రశ్నలు ఏటా శాసనసభలోనూ పత్రికలలోనూ వినిపిస్తూనే ఉంటాయి. అవి అడగవలసిన ప్రశ్నలే. కాని గణితాన్నో కంప్యూటర్ శాస్త్రాన్నో ఎంచుకున్న విద్యార్థికి అసలు గండం ఫీజు చెల్లిన మరునాటి నుంచి మొదలవుతుందన్న సంగతి ఆ చర్చలో దాదాపు కనిపించదు. ఈ శాస్త్రాలలో పేదరికం ముఖ్యంగా రెండు రూపాలలో బయటపడుతుంది: చదువుకునే సమయం చాలకపోవడం ఒకటి, కలిసి చదివే తోడు లేకపోవడం మరొకటి. శ్రీనివాస రామానుజన్ స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఆ రెండు లోటులను పూడ్చే సహాయం ఎలా ఉండాలో, అది మొదటి సంవత్సరంలోనే ఎందుకు అందాలో పరిశీలిస్తుంది.

చరిత్రలో ఒక యుగాన్ని వదిలేసినవాడు కష్టం మీదనైనా తరువాతి యుగాన్ని అర్థం చేసుకోగలడు. గణితంలో ఆ వెసులుబాటు లేదు. ఒక రాశి ఒక విలువకు ఎంత కావాలంటే అంత దగ్గరగా చేరడమనే ‘అవధి’ భావన తెలియనివారికి మార్పు రేటును కొలిచే అవకలనం పట్టుబడదు. అవకలనం పట్టుబడనివారికి అవకలన సమీకరణాలు బట్టీ పట్టవలసిన సూత్రాలుగానే మిగులుతాయి. ఇంజనీరింగ్ విద్యార్థులు ‘ఎం-వన్’ అని పిలుచుకునే మొదటి సెమిస్టర్ గణిత పత్రంలో మాత్రికలు, అంటే అడ్డు వరుసలుగా నిలువు వరుసలుగా అమర్చిన సంఖ్యల పట్టికలు, సరిగా అర్థం కాకుండా దాటిపోతే, మూడేళ్ల తరువాత మెషీన్ లెర్నింగ్ పాఠంలో ఆ లోటు మళ్లీ ఎదురై నిలుస్తుంది. నవంబరులో పత్తి ఏరడానికి ఇంటికి వెళ్లిన విద్యార్థి పోగొట్టుకునేది లెక్కకు మూడు వారాలే అయినా, ఆ మూడు వారాల పాఠం మీద నిలబడిన తరువాతి పాఠాలన్నీ దానితో పాటు జారిపోతాయి. ఎం-వన్ తప్పినవారు దాన్ని ‘బ్యాక్‌లాగ్’గా మోస్తూ, కొత్త సెమిస్టర్ పాఠాలతో పాటు పాత పత్రానికీ సిద్ధం కావలసి వస్తుంది, అప్పటికే సమయం చాలని విద్యార్థికి ఆ బరువు రెట్టింపవుతుంది.

రామానుజన్ జీవితాన్ని ప్రతిభ పేదరికాన్ని జయించిన కథగా చెప్పుకోవడం ఆనవాయితీ. ఉపకార వేతనాల చరిత్రగా చదివితే అందులో మరికొన్ని సంగతులు కనిపిస్తాయి. ఆయన తండ్రి కుంభకోణంలో బట్టల దుకాణంలో గుమాస్తా. నెల జీతం సుమారు 20 రూపాయలు. 1904లో ఉపకార వేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరిన రామానుజన్, గణితం తప్ప మరొకటి పట్టించుకోక, ఆంగ్ల వ్యాసరచనలో తప్పి ఆ వేతనాన్ని పోగొట్టుకున్నాడు. టర్ముకు 32 రూపాయల ఫీజు, అంటే తండ్రి నెలన్నర సంపాదన, ఆ ఇంటికి భరించరానిదైంది. 1905 ఆగస్టులో ఆయన ఇల్లు విడిచి విశాఖపట్నం చేరుకున్నాడు. జగత్ప్రసిద్ధుడు కాబోయే గణితజ్ఞుడు తెలుగునేలకు వచ్చిన సందర్భం ఒక ఉపకార వేతనం రద్దు కావడం వల్ల ఏర్పడిందన్నది మన వ్యాసాలలో అరుదుగా ప్రస్తావనకు వచ్చే విషయం. ఆ తరువాత మద్రాసులో పచ్చయప్ప కళాశాలలో చేరినా నాటి ఇంటర్మీడియట్ అయిన ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు.

ఆయనను నిలబెట్టిన సహాయాల స్వభావం గమనించదగినది. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ బాధ్యులలో ఒకరు, నెల్లూరు కలెక్టరు అయిన ఆర్. రామచంద్రరావు నెలకు 25 రూపాయల చొప్పున దాదాపు ఏడాది పాటు పంపాడు. దానికి ఏ పరీక్షా షరతు కాలేదు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. అక్కడి ముఖ్య గణకుడు ఎస్. నారాయణ అయ్యర్ స్వయంగా గణితం ఎరిగినవాడు కావడంతో, పని వేళలు ముగిశాక ఇద్దరూ పలకల మీద లెక్కలు చేసుకునేవారు. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం డిగ్రీ కూడా లేని ఆ గుమాస్తాకు నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసి, మూడు నెలలకొకసారి ప్రగతి నివేదిక ఇస్తే చాలన్నది. నెలనెలా చేతికందే సొమ్ము, మార్కులతో ముడిపడని షరతు, పక్కన కూర్చుని లెక్క చేసే మనిషి: ఈ మూడూ కలిసిన చోటనే ఆయన పని సాగింది. 1919 జనవరిలో ఆయన ఇంగ్లండు నుంచి విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకు రాస్తూ, తనకు ఇవ్వజూపిన ఏడాదికి 250 పౌన్లలో తల్లిదండ్రులకు ఇచ్చే 50 పౌన్లు, తన అవసరాలు పోగా మిగిలిన సొమ్మును పేద పిల్లల, అనాథల బడి ఫీజులు తగ్గించడానికీ బడులకు పుస్తకాలు సమకూర్చడానికీ వాడమని కోరాడు.

అయితే ఈ చరిత్రను ఆదర్శంగా చూపేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రామానుజన్‌కు దొరికిన ప్రతి సహాయమూ ఒకరు మరొకరికి రాసి ఇచ్చిన సిఫారసు ఉత్తరం ద్వారా దొరికింది. ఆయన పేదవాడే అయినా, అగ్రకులంలో పుట్టినందువల్ల ఆ ఉత్తరాలు రాయగల పెద్దమనుషుల గడప తొక్కే వీలు ఆయనకు ఉండేది. ఈనాడు ఉపకార వేతనం మీద ఆధారపడి చదువుకుంటున్నవారిలో అత్యధికులు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాల నుంచి వచ్చిన మొదటి తరం విద్యావంతులు. వారికి నెల్లూరు కలెక్టరు దాకా దారి చూపే బంధువర్గం లేదు. కనుక పరిచయాలు చేసిన పనిని ఇప్పుడు వ్యవస్థ చేయాలి.

ఆ వ్యవస్థ చాలాకాలంగా ఉన్నమాట నిజం. పదవ తరగతి దాటిన ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నాటిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బీసీలకూ ఇతర పేదలకూ విస్తరించడంతో, కూలి ఇళ్ల పిల్లలు వేల సంఖ్యలో ఇంజనీరింగ్ కళాశాలల్లో కనిపించడం మొదలైంది. తెలుగువారి సామాజిక చరిత్రలో దీన్ని చిన్న మార్పుగా కొట్టిపారేయడం అన్యాయం. తెలంగాణలో బోధన రుసుము, నిర్వహణ రుసుము అని రెండుగా, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి కొన్నేళ్లు విద్యాదీవెన, వసతి దీవెన అన్న పేర్లతో ఆ సహాయం నడిచింది. వసతి దీవెన కింద డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థికి ఏడాదికి నిర్ణయించిన 20,000 రూపాయలు రెండు విడతలుగా ఇచ్చే ఏర్పాటు ఉండేది. బీసీ విద్యార్థికి ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, ఆపైన 35,000 రూపాయల పరిమితి అన్న నిబంధన తెలంగాణలో చాలాకాలం అమలైంది. ఆ పరిమితికీ కళాశాల ఫీజుకూ మధ్య తేడాను తల్లి డ్వాక్రా అప్పుతోనో తెలిసినవారి దగ్గర చేబదులుతోనో పూడ్చుకోవలసి వచ్చేది.

ఇక్కడ మొత్తం ఎంత అన్నదాని కంటే ఎప్పుడు చేతికందుతుందన్నది ముఖ్యం. ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయినప్పుడు కళాశాలలు హాల్‌టికెట్లను, చదువు ముగిశాక సర్టిఫికెట్లను ఆపడం రెండు రాష్ట్రాలలోనూ పదేపదే వార్తలకెక్కిన సంగతి. సకాలంలో అందని కొద్ది మొత్తం ఎంత పని చేయగలదో 2024లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యం చూపింది. ఉత్తరప్రదేశ్‌లో దినకూలీ కుటుంబానికి చెందిన ఒక దళిత విద్యార్థి, 17,500 రూపాయల ప్రవేశ రుసుము గడువులోగా కట్టలేక ధన్‌బాద్ ఐఐటీలో సీటు కోల్పోగా, న్యాయస్థానం రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న విశేషాధికారాన్ని వాడి ఆ సీటు ఇప్పించింది. న్యాయం జరిగింది, కాని సీటు నిలవడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం కదలవలసి రావడం వ్యవస్థకు మెప్పు కాదు.

డబ్బు కోసం ఎదురుచూడడం ఆలోచననే మందగింపజేస్తుందని చెప్పిన ఒక అధ్యయనం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియయింగ్ ఝావో 2013లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ఆ పరిశోధన తమిళనాడు చెరకు రైతుల మీద జరిగింది. చెరకు రైతుకు ఏడాది రాబడి కోత తరువాత ఒకేసారి వస్తుంది కాబట్టి, ఒకే మనిషిని కోతకు ముందు చేతిలో డబ్బు ఆడని రోజులలోనూ, కోత తరువాత కాస్త ఊపిరి పీల్చుకున్న రోజులలోనూ తర్కానికీ ఏకాగ్రతకూ సంబంధించిన పరీక్షలు చేయించి పోల్చారు. కోతకు ముందు ఫలితాలు తక్కువగా వచ్చాయి. ఆ లెక్కింపు పద్ధతి మీద తరువాత వాదోపవాదాలు నడిచినా, మెస్ బిల్లు కట్టని విద్యార్థి సిద్ధాంతానికి నిరూపణ రాయడానికి కూర్చున్నప్పుడు మనసు ఎక్కడ ఉంటుందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు. ఏడాదికి రెండు విడతలుగా వచ్చే పెద్ద మొత్తం కంటే ప్రతి నెలా అయిదో తేదీలోగా వచ్చే చిన్న మొత్తం ఈ విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తుందన్నది దీని నుంచి తేలే ఆచరణాత్మకమైన విషయం.

సమయం లేమి మాట అంతే స్పష్టం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ల మేళవింపుతో బీఎస్సీ చదివే విద్యార్థికి ఫీజు నామమాత్రమే. ఖర్చంతా ఊరి నుంచి పట్టణానికి రాకపోకలలో, పోయే గంటలలో ఉంటుంది. సాయంత్రం చివరి బస్సు తప్పితే ఇల్లు చేరలేని అమ్మాయి నాలుగు గంటల తరువాత ప్రయోగశాలలో కూర్చోలేదు. ఆదివారాలలో కేటరింగ్ పనికో, సెల్‌ఫోన్ దుకాణానికో వెళ్లే అబ్బాయి సోమవారం ఉదయం మొదటి పీరియడ్‌కు రాకపోతే 75 శాతం హాజరు నిబంధన కింద అతని ఉపకార వేతనానికే ఎసరు వస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణాన్ని విద్యా పథకంగా ఎవరూ పరిగణించరు. డిగ్రీ కళాశాల అమ్మాయిల విషయంలో మాత్రం అది పేరున్న అనేక ఉపకార వేతనాల కంటే నేరుగా పని చేసే సహాయం. అబ్బాయిలకు రాయితీ పాస్ మిగిలింది.

రెండవ లోటు, అంటే తోడు లేకపోవడం, బయటికి కనిపించదు; అందుకే దాని గురించి విశేషంగా చెప్పవలసి ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో 1970ల మధ్య పరిశోధక విద్యార్థిగా ఉన్న ఫిలిప్ యూరి ట్రైస్మన్‌ను ఒక ప్రశ్న వేధించింది. మొదటి టర్ములో కలన గణితం, అంటే అవకలన, సమాకలనాలను బోధించే పత్రం, పూర్తి చేసిన నల్లజాతి విద్యార్థులలో దాదాపు 60 శాతం అట్టడుగు గ్రేడ్లతో మిగిలేవారు. కారణం ఏమిటని అధ్యాపకులను అడిగితే నాలుగు జవాబులు వచ్చాయి: పట్టుదల లేదు, పునాది చాలదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, ఆదాయం లేదు. మన అధ్యాపకుల గదుల్లో ఈనాటికీ వినిపించే జవాబులు కూడా ఇంచుమించు ఇవే. ట్రైస్మన్ ఆ జవాబులతో తృప్తి పడక, ఇరవై మంది నల్లజాతి విద్యార్థులనూ ఆ పత్రంలో బాగా రాణిస్తున్న ఇరవై మంది చైనీస్ అమెరికన్ విద్యార్థులనూ ఎంచుకుని, వారు ఎక్కడ కూర్చుంటారో, ఎలా చదువుతారో నెలల తరబడి వెంట ఉండి గమనించాడు.

గమనించినకొద్దీ నాలుగు జవాబులూ నిలవలేదు. నల్లజాతి విద్యార్థులు తమ ఉన్నత పాఠశాలల్లో ముందు వరుసలో నిలిచినవారు. వారిని చదివించడానికి వారి కుటుంబాలు ఏళ్ల తరబడి ఆరాటపడ్డాయి. వారు అధ్యాపకుడు చెప్పినట్టే వారానికి ఎనిమిది గంటలు శ్రద్ధగా చదివేవారు, ఒంటరిగా చదివేవారు. స్నేహితులు వేరు, చదువు వేరు అన్న గిరి గీసుకుని, ఆ క్రమశిక్షణ వల్లనే ఇంతదాకా వచ్చామని నమ్మేవారు. చైనీస్ విద్యార్థులు దాదాపు పద్నాలుగు గంటలు వెచ్చించేవారు. అందులో కొంత ఒంటరిగా, మిగిలింది జట్టుగా. భోజనం చేస్తూ ఒకరి లెక్కను మరొకరు సరిచూసుకునేవారు, పాత ప్రశ్నపత్రాలు సంపాదించేవారు, తమలో ఎవరికీ రాని లెక్కను అందరికీ కష్టమైనదిగా గుర్తించేవారు. ఈ చివరిది కీలకం. ఒంటరిగా చదివేవాడు లెక్క రాకపోతే అది లెక్క కష్టమో తన తెలివితక్కువో తేల్చుకోలేడు. కొద్ది వారాల్లోనే రెండవదే నిజమని తీర్మానించుకుంటాడు.

1978లో ట్రైస్మన్ నడిపిన వర్క్‌షాపులో వెనకబడినవారికి సులభమైన పాఠం మళ్లీ చెప్పే పద్ధతికి చోటు లేదు. చిన్న జట్లుగా కూర్చోబెట్టి మామూలు తరగతి కంటే కఠినమైన సమస్యలు ఇచ్చేవారు. ప్రతిభావంతుల కోసం ఏర్పాటైన కార్యక్రమంగానే దాన్ని పరిచయం చేసేవారు. పాల్గొన్నవారి గ్రేడ్లు గణనీయంగా మెరుగుపడ్డాయని, మధ్యలో మానేసేవారు తగ్గారని ఆయన 1992లో ప్రచురించిన వ్యాసం వివరించింది. ఇష్టపడి చేరినవారి ఫలితాలను చేరనివారి ఫలితాలతో పోల్చడంలో చిక్కు ఉందన్న విమర్శ సహేతుకమే అయినా, ఆ నమూనా తరువాత అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలకు పాకింది.

దీన్ని మన పద్ధతితో పోల్చి చూడవలసి ఉంది. నాక్ గుర్తింపు కోసం కళాశాలలు సిద్ధం చేసే దస్త్రాలలో ‘స్లో లెర్నర్లు’, ‘అడ్వాన్స్‌డ్ లెర్నర్లు’ అని విద్యార్థులను వేరు చేసిన జాబితాలు ఉంటాయి. మొదటి జాబితాలో ఉన్నవారికి సాయంత్రం వేళ రెమిడియల్ తరగతులు జరిగినట్టు హాజరుపట్టీ కూడా ఉంటుంది. జిల్లాపరిషత్ పాఠశాలలో మొదటి స్థానంలో నిలిచి, ఊరంతా పేరు చెప్పుకోగా వచ్చిన విద్యార్థికి నగరంలో మొదటి సెమిస్టర్‌లోనే ‘మందబుద్ధి’ ముద్ర వేసి, అదే పాఠాన్ని అదే గొంతుతో మరోసారి వినిపించడం సహాయం అనిపించుకోదు. ఆ జాబితాలు తయారు చేసే చేతులకు ఆ మాట రాసేటప్పుడు కాస్త బరువుగా ఉండాలి.

భాష ఈ ఒంటరితనాన్ని మరింత పెంచుతుంది. ఇంటర్మీడియట్ వరకు ప్రమేయం, సదిశ, నిర్ధారకం అన్న మాటలతో తెలుగు అకాడమీ పుస్తకాలు చదివినవారు ఇంజనీరింగ్‌లో ఆంగ్ల బోధన మధ్య మౌనం వహిస్తారు. అర్థం కాకపోవడం కంటే అడగలేకపోవడమే వారికి ఎక్కువ నష్టం చేస్తుంది. ప్రాంతీయ భాషలలో ఇంజనీరింగ్ బోధనకు ఏఐసీటీఈ 2021లో అనుమతించినా, ఉద్యోగాలు ఆంగ్లంతో ముడిపడి ఉన్నంతకాలం తెలుగు మాధ్యమ విభాగాన్ని ఎంచుకోవడానికి పేద విద్యార్థే అందరికంటే ఎక్కువ జంకుతాడు. ప్రశ్నపత్రం ఆంగ్లంలో ఉండనిచ్చి, జట్టు చర్చ తెలుగులో సాగనిస్తే ఆ జంకుకు తావుండదు. పాలిటెక్నిక్ చదివి ఈసెట్ రాసి నేరుగా రెండవ సంవత్సరంలో చేరే విద్యార్థుల స్థితి ఇంకా క్లిష్టం: తొందరగా ఉద్యోగం దొరుకుతుందని డిప్లొమా వైపు వెళ్లినవారిలో పేదలు ఎక్కువ, తోటివారి జట్లు అప్పటికే ఏర్పడి ఉంటాయి, ఎం-వన్ పాఠం జరిగిపోయి ఉంటుంది.

కంప్యూటర్ శాస్త్రంలో ఇదే సమస్య యంత్రం రూపంలో ఎదురవుతుంది. ప్రోగ్రామింగ్ అంటే యంత్రానికి తు.చ. తప్పకుండా ఆదేశాల వరుస రాయడం. అది గంటల తరబడి తప్పులు చేసి, ఆ తప్పులను వెదికి సరిచేసుకుంటేనే అబ్బుతుంది. వారానికి మూడు గంటల ప్రయోగశాలలో, అందులో సగం రికార్డు పుస్తకంలో ప్రోగ్రాములను చేతిరాతతో ఎత్తి రాయడంలో గడిచిపోతే, హాస్టల్‌లో ల్యాప్‌టాప్ లేనివారికి తప్పు చేసే అవకాశమే చిక్కదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారు అదే తరగతిలో చొరవగా జవాబులు చెబుతుంటే, కీబోర్డును మొదటిసారి తాకినవారు అనుభవంలోని తేడాను తెలివిలోని తేడాగా పొరబడతారు. కాలిఫోర్నియాలోని హార్వే మడ్ కళాశాల ఈ చిక్కును గుర్తించి, తొలి ప్రోగ్రామింగ్ తరగతిని పూర్వానుభవం ఉన్నవారికి ఒకటి, లేనివారికి ఒకటి చొప్పున విడదీసింది, పాఠ్యాంశాలు తగ్గించలేదు.

తెలుగునాట యంత్రాన్ని సహాయంలో భాగం చేసిన పెద్ద ప్రయత్నం 2008 చట్టంతో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. జనం ట్రిపుల్ ఐటీలుగా పిలిచే నూజివీడు, బాసర, ఇడుపులపాయ ప్రాంగణాలలో పదవ తరగతి ముగిసిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకుని, ఆరేళ్లు హాస్టల్ వసతితో బీటెక్ వరకు చదివించే ఆ విశ్వవిద్యాలయానికి, కృత్రిమ మేధ పరిశోధనకు 1994 ట్యూరింగ్ పురస్కారం అందుకున్న అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి మొదటి కులపతి. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల గ్రేడు సగటుకు 0.4 పాయింట్లు కలిపి ప్రవేశాలు నిర్ణయించడం, విద్యార్థికొక ల్యాప్‌టాప్ ఇవ్వడం ఆ ఆలోచనలోని రెండు దూరదృష్టి గల అంశాలు. పోటీ పరీక్ష శిక్షణ కొనుక్కోలేని ఇంటి పిల్లలను శిక్షణతో పని లేకుండా లోపలికి తీసుకున్న ఆ ద్వారం విలువ తక్కువది కాదు. అయినా 2022 జూన్‌లో బాసర విద్యార్థులు రోజుల తరబడి బైఠాయించి అడిగినవాటిలో శాశ్వత ఉపకులపతి, అధ్యాపకుల నియామకం, ల్యాప్‌టాప్‌ల పంపిణీ ఉన్నాయంటే, ప్రారంభించడంలో చూపిన ఉత్సాహం నిర్వహణలో నిలవలేదనే అర్థం.

శుద్ధ గణితం వైపు చూస్తే, 1993లో ఎస్. కుమరేశన్ ఆరంభించిన ఎంటీటీఎస్, అంటే గణిత శిక్షణ, ప్రతిభాన్వేషణ కార్యక్రమం, ఈ ఉపన్యాస వాదానికి అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ. తరువాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన ఆయన, జాతీయ ఉన్నత గణిత మండలి ఆర్థిక సహాయంతో, చిన్న పట్టణాల డిగ్రీ విద్యార్థులకు నాలుగు వారాల వేసవి శిబిరాలు నడిపించాడు. భోజనం, వసతి ఉచితం. అక్కడ అధ్యాపకుడు నల్లబల్ల నింపి నోట్సు రాయించడు. ప్రశ్న వేసి, జవాబు విద్యార్థుల నోటి నుంచే వచ్చే వరకు ఆగుతాడు. అప్పటిదాకా గణితమంటే పరీక్షలో తిరగరాయవలసిన నిరూపణల మూట అనుకున్నవారికి, నిరూపణ తామే కనిపెట్టవచ్చన్న ఎరుక కలగడం ఆ నాలుగు వారాల ఫలం. శిబిరం నుంచి తిరిగి వచ్చిన విద్యార్థికి తన కళాశాలలో ఆ రకమైన తోడు మళ్లీ దొరకకపోవడం మాత్రం దాని పరిమితి.

ఇన్ని సదుపాయాలకు డబ్బెక్కడిదన్న ప్రశ్న సహజం. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో ప్రారంభించిన ‘ఏశాప్’ కార్యక్రమం ఆ ప్రశ్నకు లెక్కతో సమాధానం చెప్పింది. రెండేళ్ల కళాశాలల్లో చేరిన పేద విద్యార్థులకు మిగిలిన ఫీజు మినహాయింపుతో పాటు నగర రవాణా పాస్, పాఠ్యపుస్తకాల ఖర్చు, తక్కువమంది బాధ్యత మాత్రమే చూసే సలహాదారు, ఒకేచోట కూడే తరగతులు సమకూర్చారు. ప్రతిఫలంగా పూర్తికాలం చదవాలని, పునాది గణితం వాయిదా వేయకుండా మొదట్లోనే పూర్తి చేయాలని షరతు పెట్టారు. ఎవరికి సహాయం, ఎవరికి మామూలు చదువు అన్నది చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించి జరిపిన అధ్యయనంలో, మూడేళ్లలో పట్టా పొందినవారు సహాయం అందినవారిలో 40 శాతం, అందనివారిలో 22 శాతం. విద్యార్థికి తలసరి ఖర్చు పెరిగింది, పూర్తయిన పట్టాకు తలసరి ఖర్చు తగ్గింది. మధ్యలో ఆగిపోయిన చదువు మీద పెట్టిన ఖర్చే అన్నిటికంటే దండగ అన్నది ఆ లెక్కల సారాంశం. ఏళ్ల తరబడి ఫీజు చెల్లించి, బ్యాక్‌లాగుల వల్ల పట్టా చేతికి రాని విద్యార్థులను చూసి ఊరుకునే మన ఖజానాలకూ ఇది వర్తిస్తుంది.

ధర్మనిధులు నెలకొల్పే దాతలకు ఇక్కడొక స్పష్టమైన సూచన అవసరం. మన విశ్వవిద్యాలయాలలో పెద్దల పేరిట ఏర్పడిన నిధులు ఎక్కువగా స్నాతకోత్సవ వేళ ప్రథమ స్థానీయుడికి ఇచ్చే బంగారు పతకాలకే వెళతాయి. పతకం అందుకునే నాటికి ఆ విద్యార్థి అన్ని గండాలూ దాటి ఉంటాడు. సహాయం అవసరమైనవాడు మూడేళ్ల కిందటే మొదటి సెమిస్టర్‌లో ఆగిపోయి ఉంటాడు. అదే నిధి వడ్డీతో ఇద్దరు ముగ్గురు సీనియర్ విద్యార్థులకు నెలనెలా పారితోషికం ఇచ్చి, మొదటి సంవత్సరం వారిని ఆరేడుగురి జట్లుగా వారానికి రెండు సాయంత్రాలు కఠిన సమస్యల మీద కూర్చోబెట్టవచ్చు. ఆ సీనియర్ కూడా ఉపకార వేతనం మీద చదివేవాడైతే అతనికి కేటరింగ్ పని తప్పుతుంది, బోధించే కొద్దీ తన గణితమూ పదునెక్కుతుంది. హాస్టల్‌లోని ఒక గదిలో పది పాత కంప్యూటర్ల మీద ఉచిత సాఫ్ట్‌వేర్ అమర్చి రాత్రి పది వరకు తెరిచి ఉంచడానికి అయ్యే వ్యయం, చాలా కళాశాలలు ఉద్యోగాల ప్యాకేజీలను చాటుకునే ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చును మించదు.

వీటన్నిటికంటే ముందు చేయదగిన పని ఒకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. ఎంతమందికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిందో ప్రతి కళాశాల దగ్గరా లెక్క ఉంది. మొదటి సెమిస్టర్ గణితంలో, మొదటి ప్రోగ్రామింగ్ పత్రంలో ఎంతమంది ఉత్తీర్ణులయ్యారో పరీక్షల విభాగం దగ్గర లెక్క ఉంది. ఈ రెండు పట్టికలను కలిపి, ఉపకార వేతనం పొందుతున్నవారిలో ఆ రెండు పత్రాలూ తొలి ప్రయత్నంలో దాటినవారి శాతాన్ని గణిత, కంప్యూటర్ శాస్త్ర శాఖలు పేర్లు లేకుండా ఏటా ప్రకటించాలని, ఈ సభకు విచ్చేసిన శాఖాధ్యక్షులు రాబోయే జనవరి ఫలితాలతోనే ఆ పని మొదలుపెట్టాలని ఈ ఉపన్యాసం కోరుతున్నది.